పలుపు ముడి

పెద్ద డాక్టరు మార్తాండరావు గారిని ఏదైనా అడిగితే జవాబు నోటితో వచ్చేది కాదు. ముందు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవారు. తర్వాత "రా అమ్మా" అనో "రావయ్యా" అనో అడిగినవాళ్ళను వార్డులోకి తీసుకుపోయి, ఏదో ఒక మంచం పక్కన నిలబెట్టి, ఏదో ఒక పని చేతికిచ్చి, తాను తప్పుకునేవారు. జవాబు ఆ పనిలో ఎక్కడో ఉండేది. దొరికినవాళ్ళకు దొరికేది. దొరకనివాళ్ళు మాత్రం పెద్దాయనకు చెవుడు వచ్చిందని బయట చెప్పుకునేవారు.

కృష్ణ సముద్రంలో కలిసే చోట, లంకలకు ఎదురు ఒడ్డున ఉన్న ఆ చిన్న మిషన్ ఆస్పత్రికి ఆయన దగ్గర పని నేర్చుకుందామని వచ్చిన కుర్ర డాక్టర్లలో ఎస్తేరు ఒకతె. బుర్ర చురుకు, చెయ్యి నెమ్మది. నోరు మాత్రం ఆమె చెప్పుచేతల్లో ఉండేది కాదు. నిజమని తోచిందంటే ఎదుట ఉన్నది ఎవరో, ఏ స్థితిలో ఉన్నారో చూడకుండా అనేసేది. అది తనలోని మంచి గుణమని ఆమె గట్టి నమ్మకం. ఒకరోజు ఆమె ఆయన్ని ఇలా అడిగింది.

"సార్, ఒక మనిషి తెలియక ఘోరం చేశాడు. అది ఘోరమని అతనికి తెలియదు, మనకు తెలుసు. తెలిసి నోరు మూసుకుంటే అది అబద్ధం కాదా?"

ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చెప్పాలి.

కొద్ది రోజుల కిందట, పొద్దున్నే ఏరు దాటించే మొదటి పంటు దిగి నాంచారయ్య అనే రైతు తన కూతుర్ని భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చాడు. పిల్ల పేరు కోమలి. ఇంకా వోణీ వెయ్యని వయసు. ముందురోజు సాయంత్రం గేదెకు గడ్డి కోస్తుంటే పాదం మీద పాము కరిచింది. జరజరా పోతున్న దాని ఒంటి మీద మచ్చలు చూసి రక్తపింజర అనుకున్నాడు తండ్రి. దూడ మెడలోని పలుపు లాగి, పిల్ల మోకాలి పైన చుట్టు మీద చుట్టు వేసి, తన కాలు తన్నిపెట్టి బిగించి, ముడి మీద ముడి వేశాడు. తీరా రేవుకు వస్తే ఆటు. నీళ్ళు తీసేసి పంటు బురదలో కూర్చుంది. మళ్ళీ పోటు వచ్చేదాకా పిల్లను ఒళ్ళో పెట్టుకుని రేవులోనే ఉండిపోయాడు.

బల్ల మీద పడుకోబెట్టి గుడ్డ తొలగించింది ఎస్తేరు. తొడ మామూలుగానే ఉంది. పలుపు కింద నుంచి కాలంతా ఉబ్బి, నున్నగా మెరుస్తూ, నేరేడుపండు రంగుకు తిరిగింది. ఆమె గబుక్కున కత్తెర తీసుకుని పలుపు కొయ్యబోయింది. పెద్ద డాక్టరు గారు ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"తొందరపడకు. రాత్రంతా నిలిచి చెడిన రక్తం అది. ఒక్కసారిగా గుండె మీదికి వదిలావంటే పిల్లే మనకు దక్కదు."

ముందు సెలైను ఎక్కించారు. కావలసిన మందులన్నీ చేతికందేలా పెట్టించారు. అప్పుడు ఆమె చేతికి కత్తెర బదులు ముడినే అప్పగించి, పిల్లకు వినబడనంత మెల్లగా చెప్పసాగారు. "ధమని లోతున ఉంటుంది. దాని గోడ దళసరి, గుండె తోసే తోపుకు ఓర్చుకోవాలి కదా. అంత తేలిగ్గా నొక్కుకుపోదు. సిర అలా కాదు. చర్మం కిందే పోతుంది, గోడ పల్చన. కట్టు కట్టగానే ముందు మూసుకునేది అదే. అంటే వచ్చే దారి తెరిచే ఉంది, పోయే దారి మూసుకుంది. వచ్చిన రక్తం వచ్చినట్టే నిలిచింది. కాలు ఉబ్బింది. ఆ ఉబ్బే చివరికి ధమనిని కూడా నొక్కేసింది. ఇంక ఎర్రకణాలు ప్రాణవాయువు మోసుకుని లోపలికి ఎట్లా పోతాయి? ఒక్క మెలిక వదులు. బొటనవేలి గోరు నొక్కి చూడు. తెల్లబడి మళ్ళీ రంగు తిరిగొచ్చిందంటే, వెంట్రుక కన్నా సన్నని ఆ చివరి నాళాల్లో ఇంకా దారి ఉన్నట్టు. కాసేపు ఆగు. ఇంకో మెలిక వదులు. రంగు తిరిగొస్తోందేమో చూస్తూ ఉండు."

ఎస్తేరు మెలిక వదిలింది. గోరు నొక్కింది. ఆగింది. మళ్ళీ వదిలింది. పలుపు పూర్తిగా ఊడివచ్చేసరికి పిక్క సగం దాకా వెచ్చదనం వచ్చింది. పాదానికి రాలేదు. గోరు నొక్కినా రంగు మారలేదు, వదిలినా మారలేదు. ఆమె పెద్దాయన ముఖం వంక చూసింది. ఆయన పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి ఉంచారు.

ఈలోగా మరో పని కూడా జరుగుతూ ఉంది. పిల్లను పడుకోబెట్టగానే ఎస్తేరు కాస్త రక్తం తీసి, పొడిగా ఉన్న ఒక గాజుగొట్టంలో పోసి కిటికీలో నిలబెట్టింది. కదపకుండా, పొయ్యి మీద అన్నం ఉడికేంతసేపు అలా ఉంచాలి. నాంచారయ్య ఆ కిటికీ దగ్గరే గోడకు అంటుకుపోయి నిలబడ్డాడు.

"అదెందుకండమ్మా?" అన్నాడు.

"రక్తపింజర విషం ఎక్కితే రక్తం నీళ్ళలాగే ఉండిపోతుంది. గడ్డ కట్టిందంటే ఆ విషం లేనట్టే" అంది ఎస్తేరు, తల తిప్పకుండానే. ఆ హడావుడిలో అన్న మాట ఆ హడావుడిలోనే మరిచిపోయింది.

వేళ అయ్యాక గొట్టం వంచి చూసింది. రక్తం కదల్లేదు. ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకుని, పోగులు అల్లుకుని, ఎర్రకణాలనూ తెల్లకణాలనూ ఆ అల్లికలో ఇరికించుకుని గట్టిగా కూర్చున్నాయి. పిల్ల కనురెప్పలు వాలలేదు, మాట తడబడలేదు, నీళ్ళు మింగుడు పడుతున్నాయి. అంటే తాచూ కాదు, కట్లపామూ కాదు, రక్తపింజర అంతకన్నా కాదు. కరిచింది ఏ నీరుకట్టో అయివుంటుంది. దానికి విషమే లేదు. ఆ కాలును చంపింది పాము కాదు, పలుపు.

ఎస్తేరుకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడే ఆ తండ్రి ముఖం మీద అనేసేదే. పెద్ద డాక్టరు గారు "ముందు పిల్లను చూద్దాం రా" అన్నారు. తర్వాత చాలాసేపు ఎవరికీ తీరిక లేదు. మధ్యాహ్నం ఆమె అటుగా వచ్చినప్పుడు ఆ గొట్టం ఇంకా కిటికీలోనే ఉంది. గడ్డ ముడుచుకుని దగ్గరపడి, పైన పచ్చటి తేట ఊరింది. నాంచారయ్య దాని ముందు నిలబడి తదేకంగా చూస్తున్నాడు. పల్లెటూరి మనిషి, వింతగా ఉండివుంటుంది అనుకుని ఆమె గొట్టం తీసి పారబోయించింది.

పాదం వేళ్ళ నుంచి నల్లబడుతూ పైకి వచ్చింది. నాలుగు రోజులు చూసి, ఇక లాభం లేదని బయటి నుంచి సర్జను గారిని పిలిపించి మోకాలి కింద తీసేశారు. పిల్లకు మెలకువ వచ్చాక దుప్పటి ఎత్తుగా ఉండవలసిన చోట అణిగి ఉండటం చూసుకుంది. ఏడవలేదు. అలా ఏడవకుండా పడుకున్న పిల్లను చూడటం ఎస్తేరుకు చాలా కష్టమయింది.

నాంచారయ్య మాత్రం వార్డంతా తిరుగుతూ చెప్పసాగాడు. "కాలు పోతే పోయిందండీ, ప్రాణం దక్కింది. నేను వెంటనే కట్టు కట్టబట్టి దక్కింది. లేకపోతే విషం గుండెకెక్కేదే." విన్నవాళ్ళంతా ఔనౌనన్నారు. పక్క మంచం మీది మనవణ్ణి చూసుకోవడానికి వచ్చిన ఒక ముసలమ్మ ఆ ముడి ఎట్లా వేశావో చూపించు నాయనా అని అడిగింది. అతను భుజం మీది తువ్వాలు తీసి, ఆమె చేతికే చుట్టి చూపించాడు. దూరం నుంచి చూస్తున్న ఎస్తేరు పళ్ళు కొరుక్కుంది. ఇంకో ఊళ్ళో ఇంకో పిల్లకు ఇంకో కాలు పోవడానికి అక్కడ పాఠం జరుగుతోందని ఆమెకు అనిపించింది. ఆ అనుమానంలో తప్పేమీ లేదు.

ఈ రోజు చెప్పి తీరాలి అనుకుని ఆమె కోమలి మంచం దగ్గరికి వెళ్ళింది. తండ్రి అక్కడ లేడు, పిల్లకు ఇడ్లీ తేవడానికి వెళ్ళాడు. కట్టు విప్పుతుంటే మోకాలి పైన పలుపు దిగిన గాటు కనబడింది. పాము పంటి గుర్తు ఏనాడో ఎండిపోయింది, ఆ పాదంతో పాటే పోయింది. ఇది మాత్రం వేలు పట్టేంత లోతుగా, చుట్టూతా కడియంలా ఉంది.

"ఇంత బిగిస్తుంటే నొప్పెయ్యలేదా?" అంది.

"ఏసిందండి. రేవులో ఇంకా ఎక్కువేసింది. వదులు చెయ్యి నాన్నా అని అడిగాను. ఓర్చుకో తల్లీ అన్నాడు." తర్వాత తండ్రి తరఫున సంజాయిషీ చెబుతున్నట్టుగా అంది. "మా అమ్మని కూడా పామే కరిచిందండి, నా చిన్నప్పుడు. అప్పుడు నాన్న కట్టు కట్టలేదంట. ఎత్తుకుని పడవ కోసం పరిగెత్తాడంట. ఏరు దాటకుండానే పోయింది. కట్టు కట్టుంటే బతికేదని మా ఊళ్ళో ఇప్పటికీ అంటారు. అందుకే నాన్న నన్ను బాగా కట్టాడు."

చెప్పాలనుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. జీవితంలో మొదటిసారి ఎస్తేరుకు నిజం చెప్పడానికి భయం వేసింది, ఆ భయం వేసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ రెండింటితో తిన్నగా పెద్ద డాక్టరు గారి గదికి వెళ్ళి అడిగిన ప్రశ్నే మొదట చెప్పినది.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "రా అమ్మా" అని లేచారు. వార్డులో నాంచారయ్య కూతురికి ఇడ్లీ తుంచి పెడుతున్నాడు. పెద్దాయన కట్టుగుడ్డల పళ్ళెం తెప్పించి అతని ముందు పెట్టారు.

"ఇంటికి పోయాక రోజూ పిల్లకు ఎవరు కడతారయ్యా? నువ్వే కట్టాలి. ఈ రోజు నుంచి నేర్చుకో." ఎస్తేరు వైపు తిరిగి అన్నారు. "నువ్వు పక్కన ఉండు. కట్టు కిందికి చిటికెనవేలు దూరుతోందో లేదో చూడు. అడిగినదానికి జవాబు చెప్పు. అడగనిది చెప్పకు." అంతే, చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళిపోయారు. ఇది జవాబా, తప్పించుకోవడమా అని ఎస్తేరు ఆయన వీపు వంక చూస్తూ నిలబడింది.

మొదటి రోజు నాంచారయ్య అలవాటుగా బిగించాడు. వేలు దూరలేదు. "విప్పి మళ్ళీ కట్టు" అంది ఎస్తేరు. విప్పి మళ్ళీ కట్టాడు. మర్నాడు మరీ వదులుగా కట్టాడు, పిల్ల ఒత్తిగిలగానే జారిపోయింది. దాన్ని ఏరి మళ్ళీ చుడుతూ, పైనున్న గాటు మీద బొటనవేలితో మెల్లగా రాశాడు. "ఇది మానదాండీ?" అన్నాడు. "మచ్చ ఉంటుంది" అంది ఆమె. ఆ తర్వాత రోజు, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "పాము గాటు ఆ మర్నాటికే ఎండిపోయిందండి. ముల్లు గీరుకుపోయినట్టు." అది ప్రశ్న కాదు కాబట్టి ఎస్తేరు జవాబు చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి మంచం చువ్వ పట్టుకోవలసి వచ్చింది.

మనవణ్ణి ఇంటికి తీసుకుపోతూ ముసలమ్మ ఆ ముడి ఇంకోసారి చూపించమని వచ్చింది. నాంచారయ్య తువ్వాలు తియ్యలేదు. "నాకు రాదమ్మా" అన్నాడు. "అయ్యో, మొన్న చూపించావుగా నాయనా" అందామె. "అది తప్పు ముడి. ఎవరికీ కట్టబాక. ఒట్టు" అని ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం కట్టు కట్టడం ముగించి, వేలు పెట్టి తానే చూసుకుని, అడిగాడు. "వేలు పట్టకపోతే ఏమవుద్దండమ్మా?"

ఎస్తేరు చెప్పింది. పల్చటి నాళం ముందు మూసుకోవడం, దళసరి నాళం ఇంకా రక్తం తెస్తూనే ఉండటం, వచ్చింది పోలేక ఉబ్బడం, చివరికి ఏదీ రాకపోవడం. చేతిలో ఉన్న కట్టుగుడ్డ గురించి మాత్రమే చెప్పింది. అతను కూతురి ముఖం వంక చూడకుండా విన్నాడు. ఆ రాత్రి వంటశాల వాళ్ళు పెట్టిన అన్నం ముట్టలేదని మర్నాడు తెలిసింది.

ఇంటికి పంపించే రోజు వచ్చింది. నాంచారయ్య చేతిసంచి పట్టుకుని పెద్ద డాక్టరు గారి గదిలోకి వచ్చాడు. ఎస్తేరు అక్కడే ఉంది. అతను సంచిలోంచి పలుపు తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్నాళ్ళూ దాన్ని దాచుకునే ఉన్నాడు.

"అయ్యగారూ, ఆ గాజుగొట్టంలో రక్తం తోడుకుంది కదండీ. మా ఇంట్లో రోజూ పాలు తోడేస్తానండి. పెరుగు తోడుకోవటం, పైన తేట ఊరటం నాకు తెలవనిది కాదు. గడ్డ కడితే విషం లేనట్టని డాట్రమ్మగారు చెప్పారు. నేను ఆ రోజే చూశానండి."

అంటే అతనికి మొదటి రోజు నుంచీ తెలుసు. వార్డంతా తిరిగి చెప్పుకున్నదంతా ఎవరినీ నమ్మించడానికి కాదు. ఆ మాట అనకుండా ఒక్క క్షణం ఉన్నా అతనికి ఊపిరి ఆడేది కాదేమో. తన దగ్గర ఏదో రహస్యం ఉందని, దాన్ని అతనికి ఇవ్వాలా వద్దా అని ఎస్తేరు ఇన్నాళ్ళూ కొట్టుకుంది. అది అతని చేతిలోనే ఉంది.

"మీరు చెప్పండమ్మా," అన్నాడు ఆమె వైపు తిరిగి. "పాము కాదు కదా?"

ఎన్ని రోజులుగానో సిద్ధంగా పెట్టుకున్న మాట. ఒక్క మాట.

"కాదు" అంది.

అతను తల ఊపాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే గోడకు జారి కింద కూర్చున్నాడు. "వదులు చెయ్యి నాన్నా అని అడిగిందండీ" అని ఏడ్చాడు. పెద్ద మగవాడు అలా శబ్దం లేకుండా ఏడవడం ఎస్తేరు ఎప్పుడూ చూడలేదు. పెద్ద డాక్టరు గారు కుర్చీలోంచి లేచి, మోకాళ్ళ నొప్పులతోనే వచ్చి, అతని పక్కన నేల మీద కూర్చున్నారు. అతని ఏడుపు కాస్త నెమ్మదించేదాకా వీపు నిమురుతూ ఉన్నారు.

"మీ ఆవిడకు చివర్లో కనురెప్పలు వాలిపోయాయా?" అని అడిగారు.

"వాలాయండి. మాట కూడా పడిపోయింది."

"అది తాచో, కట్లపామో. కట్టు ఎంత బిగించి కట్టినా ఆమె దక్కేది కాదు నాంచారయ్యా. ఆ తప్పు నీది కాదు."

అతను ఇన్నేళ్ళుగా మోసిన బరువును ఎక్కడ దించాలో తెలియనివాడిలా చేతులు చూసుకున్నాడు. "అది నాది కాదు," అన్నాడు చివరికి. "అది నాదనుకునే ఇది చేశానండి."



పంటు కదిలే వేళయింది. చంకకర్రలతో అంత దూరం నడవడం పిల్లకు ఇంకా రాదు. నాంచారయ్య కూతుర్ని వీపున ఎక్కించుకున్నాడు. కర్రలు చంకలో ఇరికించుకుని మెట్లు దిగాడు. అతని చేతులు పిల్ల కాళ్ళ కింద ఉన్నాయే గాని పట్టుకోలేదు. పచ్చి కుండ మోస్తున్నవాడిలా వేళ్ళు విప్పే ఉంచాడు. నాలుగు అడుగులు వేసేసరికి పిల్ల ఒక పక్కకు ఒరిగింది. వరండాలో నిలబడ్డ డాక్టర్లిద్దరికీ దాని గొంతు స్పష్టంగా వినబడింది.

"గట్టిగా పట్టుకో నాన్నా, జారిపోతున్నా."

అతను ఆగిపోయాడు. తర్వాత ఒక చేత్తో ఉన్న కాలునీ, రెండో చేత్తో లేని కాలి పైభాగాన్నీ మెల్లగా పట్టుకున్నాడు. పిల్లను ఒకసారి పైకి ఎగదోసుకున్నాడు. పిల్ల గడ్డం అతని భుజం మీద ఆనించింది. ఇద్దరూ రేవు దారి పట్టారు.

ఎస్తేరు పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "మొదటి రోజే నేను ముఖం మీద చెప్పేసి ఉంటే ఏమయ్యేది సార్?" అని అడిగింది.

పెద్ద డాక్టరు గారు కళ్ళజోడు తియ్యలేదు, తుడుచుకోలేదు. వాళ్ళు రేవు మలుపు తిరిగేదాకా చూస్తూ ఉన్నారు.

"ఒక్కో మెలికా వదిలాం. రంగు తిరిగొస్తోందేమో చూడమ్మా" అన్నారు.